అర్థశాస్త్ర విద్యార్థిగా డాక్టర్ అంబేడ్కర్

భారత రాజ్యాంగ నిర్మాతగా డాక్టర్ భీమ్‌రావ్ రామ్‌జీ అంబేడ్కర్ పేరు ఎరుగని విద్యార్థి మన దేశంలో ఉండడు. చేత రాజ్యాంగ గ్రంథం ధరించి, చూపుడువేలు ముందుకు చాచి నిలిచిన ఆయన విగ్రహం ఊరూరా దర్శనమిస్తుంది. అందువల్ల ఆయన జీవితమంతా న్యాయశాస్త్రమే అభ్యసించారని చాలామంది భావిస్తుంటారు. ఆయన బారిష్టరు అయిన మాట వాస్తవమే. కాని ఆ మహనీయుడు విదేశీ విశ్వవిద్యాలయాలలో శ్రమించి సాధించిన ఎం.ఏ., పిహెచ్.డి., ఎం.ఎస్‌సి., డి.ఎస్‌సి. పట్టాలు నాలుగూ అర్థశాస్త్రానికి సంబంధించినవే. ఆయన రచించిన తొలి గ్రంథాలు రూపాయిని గురించి, ప్రభుత్వ ఆదాయ వ్యయాలను గురించి వ్రాసినవే.

పదవ తరగతి ముగియగానే బిడ్డను ఏ చదువులో చేర్పించాలన్న ఆలోచన ప్రతి ఇంటా మొదలవుతుంది. వైద్యము, ఇంజనీరింగు తప్ప వేరు చదువులు అన్నం పెట్టవన్న అభిప్రాయం మన తల్లిదండ్రులలో బలంగా నాటుకొని ఉన్నది. అర్థశాస్త్రం వంటి విషయంలో ఏళ్ల తరబడి ఉన్నత విద్య అభ్యసిస్తే ఒరిగేదేమిటన్న ప్రశ్న అడగరానిదేమీ కాదు. ఆ ప్రశ్నకు అంబేడ్కర్ జీవితం చెప్పే సమాధానం తేలికైనది కాదు గనుకనే శ్రద్ధగా పరిశీలింపదగినది.

బాల్యము - తండ్రి పట్టుదల

అంబేడ్కర్ 1891 ఏప్రిల్ 14వ తేదీన మధ్య భారతంలోని మౌ అనే సైనిక స్థావరంలో జన్మించారు. తల్లి భీమాబాయి, తండ్రి రామ్‌జీ సక్పాల్. వారి సంతానంలో ఆయన పదునాలుగవవారు. వారి పూర్వుల గ్రామం రత్నగిరి జిల్లాలోని అంబడవే. రామ్‌జీ సైన్యంలో సుబేదారుగా ఉంటూ సైనిక పాఠశాలలో ఉపాధ్యాయుడుగా పనిచేసినవారు. చదువు విలువ తెలిసిన తండ్రి లభించడం ఆ బాలుని అదృష్టం. అస్పృశ్యులుగా పరిగణింపబడిన మహర్ కులంలో పుట్టినందువల్ల సతారా పాఠశాలలో ఆ బాలుడు ఇంటినుండి తెచ్చుకొన్న గోనెసంచిపై వేరుగా కూర్చొనవలసి వచ్చింది. దాహమైతే తనంతట తాను కుళాయి త్రిప్పుకొనే స్వేచ్ఛ కూడా లేదు. ఎవరైనా వచ్చి త్రిప్పేవరకు వేచి ఉండవలసిందే.

తరువాత కుటుంబం ముంబయి చేరి పరేల్‌లోని కార్మికవాడలో ఒకే ఒక గదిలో కాపురం పెట్టింది. వంట, నిద్ర, చదువు అన్నీ ఆ గదిలోనే. రామ్‌జీ కుమారుని పెందలాడే నిద్రపుచ్చి, రాత్రి రెండు గంటలకు లేపి దీపం ముందు కూర్చోబెట్టేవారు. కొడుకు కోరిన పుస్తకం కొనడానికి చేత సొమ్ము లేనప్పుడు వివాహితలైన కుమార్తెల వద్దకు పోయి అప్పు అడిగేవారు. వారి వద్ద కూడా పైకం లేకుంటే నగ తీసుకొని కుదువబెట్టేవారు. పింఛను చేతికి వచ్చిన పిదప దానిని విడిపించి తిరిగి ఇచ్చేవారు. మన తెలుగువారు ఎందరో ఇదే పరేల్, వర్లీ ప్రాంతాల మిల్లుల్లో చెమటోడ్చి, ఇటువంటి ఒంటిగది ఇళ్లలోనే బిడ్డలను చదివించుకొన్నారు. కనుక రామ్‌జీ కష్టం మన పెద్దలకు వివరించి చెప్పనక్కరలేదు.

ఎల్ఫిన్‌స్టన్ ఉన్నత పాఠశాల నుండి 1907లో అంబేడ్కర్ మెట్రిక్యులేషన్ ఉత్తీర్ణులయ్యారు. కృష్ణాజీ అర్జున్ కేళూస్కర్ అనే ఉపాధ్యాయుడు, రచయిత ఆ బాలునిలోని పఠనాసక్తిని గమనించి, తాను మరాఠీలో వ్రాసిన బుద్ధుని జీవితచరిత్రను కానుకగా ఇచ్చారు. ఆర్థిక స్తోమత లేక చదువు ఆగిపోయే సమయంలో బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ సహాయం లభించడానికి తోడ్పడినది కూడా ఆయనే. ఒక విద్యార్థి భవిష్యత్తును ఉపాధ్యాయుని చొరవ ఎంతగా మార్చగలదో చెప్పడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు. ఎల్ఫిన్‌స్టన్ కళాశాలలో అర్థశాస్త్రము, రాజనీతిశాస్త్రము ప్రధాన విషయాలుగా చదివి అంబేడ్కర్ పట్టభద్రులయ్యారు. 1913 ఫిబ్రవరిలో రామ్‌జీ కన్నుమూశారు.

న్యూయార్కులో జ్ఞానార్జన

అదే సంవత్సరం బరోడా సంస్థానం కొందరు విద్యార్థులను అమెరికా పంప నిశ్చయించింది. మూడేండ్లపాటు నెలకు పదకొండున్నర పౌనుల వేతనం ఇస్తారు. ప్రతిఫలంగా చదువు ముగిసిన తరువాత పదేండ్లు సంస్థానంలో ఉద్యోగం చేయాలి. ఆ ఒప్పందంపై సంతకం చేసి, 1913 జూలైలో ఇరువది రెండేండ్ల అంబేడ్కర్ న్యూయార్కు నగరంలోని కొలంబియా విశ్వవిద్యాలయంలో ప్రవేశించారు.

అక్కడ ఆయన తీసుకొన్న పాఠ్యక్రమాల పట్టిక చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. అర్థశాస్త్రంలో ఇరువది తొమ్మిది, చరిత్రలో పదకొండు, సమాజశాస్త్రంలో ఆరు, తత్త్వశాస్త్రంలో ఐదు, మానవశాస్త్రంలో నాలుగు, రాజనీతిలో మూడు; ఇవిగాక ఫ్రెంచి, జర్మన్ భాషల ప్రాథమిక పాఠాలు. పట్టాకు కావలసినంత మాత్రమే చదివి ఊరుకొనే స్వభావం ఆయనది కాదు. ప్రభుత్వ ఆర్థిక విషయాలలో, ముఖ్యంగా పన్నుల శాస్త్రంలో ప్రఖ్యాతుడైన ఎడ్విన్ సెలిగ్మన్, తత్త్వవేత్త జాన్ డ్యూయీ ఆయనకు గురువులు. వేతనంలో కొంత ఇంటికి పంపి, మిగిలిన దానిలో పొదుపు చేసి పాత పుస్తకాలు కొనేవారు. విశ్వవిద్యాలయ వసతి గృహంలో పరిచయమైన నావల్ భథేనా అనే పార్సీ యువకుడు జీవితాంతం మిత్రుడుగా నిలిచాడు.

1915లో ఎం.ఏ. పట్టా లభించింది. ఈస్టిండియా కంపెనీ పరిపాలన, ఆర్థిక వ్యవహారాలపై ఆ కాలంలోనే ఆయన ఒక వ్యాసం రచించారు. కంపెనీ చేసిన యుద్ధాల ఖర్చు, దాని అప్పుల భారం భారతదేశపు రైతు పన్నుల మీద ఎట్లా పడినవో లెక్కలతో నిరూపించారు. 1916 మే నెలలో భారతదేశంలోని కులాల పుట్టుకపై ఒక పరిశోధన పత్రం చదివారు. ఆపై పిహెచ్.డి. కొరకు వ్రాసిన సిద్ధాంత గ్రంథమే అనంతరం విస్తరింపబడి 1925లో బ్రిటిష్ ఇండియాలో రాష్ట్ర ఆర్థిక వ్యవస్థ పరిణామం అనే అర్థంగల పేరుతో ఆంగ్లంలో వెలువడింది. గురువు సెలిగ్మన్ దానికి పీఠిక వ్రాశారు. శిష్యుడు దానిని బరోడా మహారాజుకు అంకితమిచ్చారు. 1927లో కొలంబియా విశ్వవిద్యాలయం పిహెచ్.డి. పట్టాను లాంఛనంగా ప్రదానం చేసింది.

పట్టా ఉన్నా నీడ దొరకలేదు

1916లో అంబేడ్కర్ లండన్ చేరి, లండన్ స్కూల్ ఆఫ్ ఎకనమిక్స్‌లోను, బారిష్టరు చదువుకై గ్రేస్ ఇన్‌లోను చేరారు. మరుసటి సంవత్సరమే వేతనం గడువు ముగియడంతో చదువు మధ్యలో ఆపి స్వదేశానికి మరలవలసి వచ్చింది. నాలుగేండ్లలోగా తిరిగివచ్చి చదువు పూర్తిచేయడానికి అనుమతి మాత్రం సంపాదించారు. అది మొదటి ప్రపంచ యుద్ధకాలం. ఆయన పుస్తకాలను మోసుకొస్తున్న ఓడను శత్రువులు ముంచివేశారు. పస్తులుండి కొన్న గ్రంథాలు సముద్రం పాలైనవి.

బరోడాలో జరిగినది అంతకంటె బాధాకరం. ఒప్పందం ప్రకారం ఉద్యోగంలో చేరిన ఆ విద్యావంతునికి ఆ నగరంలో అద్దె ఇల్లు దొరకలేదు. కార్యాలయంలో నౌకర్లు కాగితాలను దూరం నుండే ఆయన బల్లమీదికి విసిరేవారు. కులం దాచి ఒక పార్సీ సత్రంలో తలదాచుకొంటే, కొద్ది దినాలలోనే విషయం బయటపడి కొందరు కర్రలతో వచ్చి వెళ్లగొట్టారు. తలుపు తట్టిన మిత్రులు కూడా ఏదో ఒక సాకు చెప్పారు. రైలు వేళ వరకు ఒక ఉద్యానవనంలో చెట్టు క్రింద కూర్చొని కన్నీరు కార్చి, ఆయన ముంబయికి తిరిగివచ్చారు. కొలంబియా పట్టా ఆయనకు ఒక్క రాత్రి నీడనైనా ఇవ్వలేకపోయింది.

విద్య అన్ని తలుపులూ తెరుస్తుందని బిడ్డలకు చెప్పేటప్పుడు ఈ ఘట్టాన్ని మరుగుపరచరాదు. విద్యవల్ల వ్యక్తి మారవచ్చును గాని, అతని చుట్టూ ఉన్న సమాజం దానంతటది మారదు. ఆ సత్యం అంబేడ్కర్‌కు ఇరువదియారేండ్ల వయసులో చెట్టు క్రింద బోధపడింది. అయినా చదువు వృథా అని ఆయన తీర్మానించుకోలేదు. అసంపూర్ణంగా వదలిన చదువును పూర్తి చేయాలనే సంకల్పమే బలపడింది.

ఆచార్యుడు మళ్లీ విద్యార్థి అయినాడు

1918 నవంబరులో ముంబయిలోని సిడెన్‌హామ్ వాణిజ్య కళాశాలలో ఆయన అర్థశాస్త్ర ఆచార్యులుగా నియమితులయ్యారు. జీతం నెలకు 450 రూపాయలు. ప్రతి పాఠానికీ విస్తృతంగా సిద్ధమై వచ్చే ఆ ఆచార్యుని ఉపన్యాసాలు వినడానికి ఇతర కళాశాలల విద్యార్థులు కూడా వచ్చేవారు. అదే కళాశాలలో, అందరికీ ఉంచిన కుండలోని నీరు ఆయన త్రాగరాదని కొందరు సహోపాధ్యాయులు అభ్యంతరం చెప్పారు.

ఆ సంవత్సరమే చిన్న కమతాలను గురించి ఆయన ప్రచురించిన వ్యాసం నేటికీ చదువదగినది. భూమి ముక్కలు ముక్కలైనందువల్లనే రైతు పేదవాడైనాడని, ముక్కలను కలిపివేస్తే సమస్య తీరుతుందని నాటి పెద్దలు పలువురు తలచేవారు. కమతం చిన్నదా పెద్దదా అన్నది దాని వైశాల్యాన్ని బట్టి గాక, రైతుకున్న పెట్టుబడి, పనిముట్లు, శ్రమ ఎంత అన్నదానిని బట్టి నిర్ణయించాలని అంబేడ్కర్ వాదించారు. అవసరానికి మించిన జనం భూమి మీద ఆధారపడటమే అసలు రోగమని, పరిశ్రమలు పెంచి ఆ జనానికి వేరు పని చూపడమే మందు అని సూచించారు. ఊళ్లో సేద్యం గిట్టక పట్టణపు మిల్లులకు వలసవచ్చిన కుటుంబాలకు ఈ వాదం పుస్తకంలోని మాట కాదు, అనుభవంలోని మాట.

జీతంలో కూడబెట్టిన సొమ్ము, కొల్హాపూరు ప్రభువు సాహూ మహారాజు చేసిన సహాయం, మిత్రుడు భథేనా ఇచ్చిన ఐదువేల రూపాయల అప్పు, ఈ మూడూ కలుపుకొని 1920లో అంబేడ్కర్ ఉద్యోగం వదలి తిరిగి లండన్ చేరారు. గ్రంథాలయం తెరిచే వేళకు వెళ్లి, మూసే వేళకు బయటకు రావడం ఆయన నిత్యకృత్యం. మధ్యాహ్న భోజనం లేదు. రాత్రి ఆకలి ఆగనప్పుడు పరిచయస్థుడిచ్చిన అప్పడాలు కాల్చుకొని తిని మళ్లీ పుస్తకం ముందు కూర్చొనేవారు. ఇక్కడ భార్య రమాబాయి చాలీచాలని సొమ్ముతో సంసారం ఈదుకొచ్చారు. ఆ దంపతులకు కలిగిన ఐదుగురు సంతానంలో యశ్వంత్ ఒక్కడే బ్రతికి బట్టకట్టాడు. ఆ పట్టాలకు చెల్లించిన మూల్యంలో ఆ ఇల్లాలి భాగం భర్త భాగం కంటె తక్కువేమీ కాదు.

1921లో ఎం.ఎస్‌సి. వచ్చింది. 1922 అక్టోబరులో రూపాయి సమస్య అనే అంశంపై డి.ఎస్‌సి. సిద్ధాంత గ్రంథం సమర్పించారు. అందులోని విమర్శలు తీవ్రంగా ఉన్నవని పరీక్షకులు దానిని సవరింపవలసిందిగా కోరారు. చేతిలో సొమ్ము అయిపోయి 1923లో స్వదేశానికి వచ్చిన అంబేడ్కర్, ఇక్కడినుండే సవరించి పంపారు. తన నిర్ణయాలను మాత్రం మార్చుకోలేదు. ఆ ఏడాదే డి.ఎస్‌సి. పట్టా లభించింది, గ్రంథం కూడా అచ్చయింది. ఆయన ఆచార్యుడైన ఎడ్విన్ కానన్ తనకు కొన్ని అభిప్రాయభేదాలున్నా ఆ గ్రంథానికి ఆదరంతో పీఠిక వ్రాశారు.

రూపాయి సమస్య ఏమిటి?

ఆ గ్రంథ విషయాన్ని సామాన్య పాఠకులకు అర్థమయ్యేలా చెప్పుకోవచ్చు. 1835 నుండి దేశమంతటా వెండి రూపాయి చలామణీలోకి వచ్చింది. 1870ల తరువాత ప్రపంచ విపణిలో వెండి ధర పడిపోవడంతో, బంగారంపై ఆధారపడిన ఇంగ్లాండు నాణెంతో పోల్చినపుడు రూపాయి విలువ దిగజారింది. 1893లో ప్రభుత్వం, ప్రజలు వెండి తెచ్చి నాణెములు కొట్టించుకొనే హక్కును రద్దుచేసింది. అటుపిమ్మట ఎన్ని రూపాయలు విడుదల చేయాలన్నది ప్రభుత్వం చేతిలోని పని అయింది. ఈ ఏర్పాటు మంచిదేనని సుప్రసిద్ధ ఆర్థికవేత్త కీన్స్ 1913లోనే సమర్థించి ఉన్నాడు.

ఇంకా పేరు రాని భారతీయ విద్యార్థి అంబేడ్కర్ ఆ వాదాన్ని ఎదిరించారు. నాణెముల విడుదలకు కట్టుదిట్టమైన పరిమితి లేకుంటే పాలకులు విచ్చలవిడిగా విడుదల చేస్తారు, ధరలు పెరుగుతాయి. ధరలు పెరిగినంత వేగంగా కూలివాని కూలి పెరగదు. ఎగుమతి వ్యాపారికి కలిగే లాభం నిజానికి శ్రామికుని కంచంలోనుండి తీసిన ముద్దయే. కనుక విదేశీ మారకపు విలువ కంటె, దేశంలో రూపాయికి ఎంత సరుకు వస్తుందన్నదే ముఖ్యమని ఆయన సిద్ధాంతం. బంగారు ప్రమాణంపై నాడు ఆయన చేసిన సూచనలకు కాలం చెల్లి ఉండవచ్చును గాని, ధరల పెరుగుదల మొదట కొట్టేది పేదవానినే అన్న మాటకు కాలం చెల్లలేదు.

1925 డిసెంబరులో హిల్టన్ యంగ్ కమిషను ఎదుట ఆయన ఈ విషయమై సాక్ష్యమిచ్చారు. ఆ కమిషను దేశానికొక కేంద్ర బ్యాంకు అవసరమని సిఫారసు చేసింది. 1935 ఏప్రిల్ 1న రిజర్వు బ్యాంకు ఏర్పడింది. ఆ బ్యాంకును అంబేడ్కర్ ఒక్కరే సృష్టించారని కొందరు అంటుంటారు. అది అతిశయోక్తి. దానికి దారితీసిన చర్చలో పాల్గొన్న సమర్థులలో ఆయన ఒకరన్నది నిజం; ఆ నిజమే ఆయన కీర్తికి చాలును.

చదివిన చదువు అక్కరకు వచ్చిన తీరు

అంబేడ్కర్ తరువాతి జీవితంలో అర్థశాస్త్ర ఆచార్యుడుగా స్థిరపడలేదు. న్యాయవాదిగా, ఉద్యమ నాయకుడుగా, శాసనకర్తగా కాలం గడిపారు. అయితే ఆ చదువు ఆయనను ఎన్నడూ విడువలేదు. 1927లో ముంబయి శాసనమండలి సభ్యుడుగా తొలి బడ్జెట్టుపై ప్రసంగిస్తూ, ఒక నిర్ణీత ఆదాయం దాటనివానికి ఆదాయపు పన్ను లేకుండగా, ఎకరమో అరెకరమో ఉన్న బీద రైతు మాత్రం పంట పండినా పండకున్నా శిస్తు చెల్లించవలసి రావడం ఏ న్యాయమని ప్రశ్నించారు. సెలిగ్మన్ వద్ద నేర్చిన పన్నుల శాస్త్రం కొంకణ రైతు పక్షాన నిలబడింది. 1927లోనే మహాడ్ చెరువు నీటి హక్కు కొరకు పోరాటం సాగించారు. 1936లో స్వతంత్ర కార్మిక పక్షాన్ని స్థాపించారు. మరుసటి ఏడు కొంకణంలో రైతులను పీడిస్తున్న ఖోతీ పద్ధతి రద్దుకు శాసనసభలో బిల్లు ప్రతిపాదించారు.

1942 నుండి 1946 వరకు వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ ఆయనది. కార్ఖానాలలో వారానికి 54 గంటలున్న పనివేళలను 48 గంటలకు తగ్గించే శాసనం ఆయన ప్రతిపాదించినదే. ఉద్యోగార్థుల కొరకు ఎంప్లాయిమెంట్ ఎక్స్ఛేంజీలు ఆ కాలంలో మొదలైనవి. నీటిపారుదల, విద్యుచ్ఛక్తి కూడా నాడు ఆ శాఖ క్రిందనే ఉండేవి. 1943 నాటి దామోదర్ వరదల తరువాత, ఒక నదిని వరద నివారణకు, సాగుకు, విద్యుత్తుకు కలిపి వినియోగించే బహుళార్థసాధక పథకాన్ని ఆయన శాఖ రూపొందించింది. 1945 నవంబరులో కటక్‌లో జరిగిన సమావేశానికి అధ్యక్షత వహించి ఒరిస్సా నదుల పథకానికి దారి చూపారు. హీరాకుడ్ ఆనకట్ట ఆ కృషి ఫలితాలలో ఒకటి. చిన్న కమతాల వ్యాసంలో ఏ పరిశ్రమలు కావాలని కోరారో, వాటికి కావలసిన విద్యుత్తు సంపాదించే పని పాతికేండ్ల తరువాత ఆయన చేతికే రావడం గమనింపదగిన విషయం.

రాజ్యాంగ రచనా సంఘానికి అధ్యక్షులైనపుడు కూడా ఈ విద్య తోడు నిలిచింది. 1871 నుండి 1921 వరకు కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల మధ్య రాబడి ఎట్లా పంపిణీ అయిందో, రాష్ట్రాలు ప్రతిసారీ కేంద్రం దయపై ఎట్లా ఆధారపడవలసి వచ్చిందో దశలవారీగా పరిశోధించిన వ్యక్తి ఆయన. కేంద్రము, రాష్ట్రాల మధ్య పన్నుల పంపిణీని ఎప్పటికప్పుడు పరిశీలించే ఆర్థిక సంఘం రాజ్యాంగంలోని 280వ అధికరణంలో చోటు చేసుకొన్నది. మొదటి సంఘం 1951లో ఏర్పడింది. ప్రజాధనం లెక్కలు తనిఖీ చేసే కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ పదవి రాజ్యాంగంలో మిక్కిలి ముఖ్యమైనదని ఆయన సభలో ఉద్ఘాటించారు. ఖజానా లెక్కలు తెలిసినవాడు గనుకనే ఆ పదవి విలువ ఆయనకు తెలిసింది.

స్వతంత్ర భారత తొలి మంత్రివర్గంలో ఆయనకు న్యాయశాఖ లభించింది గాని, ప్రణాళిక వంటి ఆర్థిక శాఖ ఏదీ అప్పగింపబడలేదు. ఆ బాధను 1951లో రాజీనామా చేసిన సందర్భంలో ఆయన వెల్లడించారు. జీవితమంతా అభ్యసించిన శాస్త్రాన్ని దేశానికి పూర్తిగా వినియోగించే అవకాశం ఆ విధంగా తప్పిపోయింది. అది ఆయనకు నష్టమో దేశానికి నష్టమో పాఠకులే నిర్ణయించుకోవచ్చు.

1952లో కొలంబియా విశ్వవిద్యాలయం, 1953 జనవరిలో హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆయనకు గౌరవ డాక్టరేటులు సమర్పించాయి. ఒకప్పుడు ఇల్లు అద్దెకు దొరకని మనిషిని గౌరవించిన ఘనత ఆ విధంగా ఒక తెలుగు నేల విశ్వవిద్యాలయానికి కూడా దక్కింది. ఆయన 1945లో స్థాపించిన పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ, ముంబయిలో సిద్ధార్థ కళాశాలను, ఔరంగాబాదులో మిళింద కళాశాలను నెలకొల్పింది. తనకు దొరకనిది తరువాతివారికి దొరకాలన్న తపనే ఆ సంస్థలకు మూలం. 1956 అక్టోబరు 14న నాగపూరులో బౌద్ధ ధర్మం స్వీకరించిన ఆ మహామనీషి, అదే సంవత్సరం డిసెంబరు 6న ఢిల్లీలో పరమపదించారు. 1990లో జాతి ఆయనకు భారతరత్న బిరుదు సమర్పించుకొన్నది.

ఈ జీవితం చెప్పే పాఠం

ఉన్నత విద్యకైన ఖర్చును జీతంతో కొలిస్తే అంబేడ్కర్ చదువు లాభసాటి బేరం కాదు. అప్పులు మిగిలినవి, పుస్తకాలు మునిగినవి, పదేండ్ల ఉద్యోగపు ఒప్పందం కొద్ది దినాలలోనే తెగిపోయింది. కాని ఆ చదువువల్ల ఆయనకు లెక్కలు చదివి సత్యం కనిపెట్టే చూపు అబ్బింది. తక్కినవారు అన్యాయమని ఆవేదనపడే చోట, అది ఎంత, ఎవరి చేతినుండి ఎవరి చేతికి పోయింది, దానిని ఆపే ఉపాయమేమిటి అని ఆయన అడగగలిగారు. ఆవేశానికి ఆధారాన్ని జోడించిన ఆ శక్తిని ఏ అధికారం తోసిపుచ్చలేకపోయింది.

బిడ్డలలో ఎవరికైనా ధరలు, కూలి, పన్ను, అప్పు వంటి విషయాలపై ఆసక్తి కనిపిస్తే, అది పనికిరాని చదువని పెద్దలు అడ్డుపడకుందురు గాక. ప్రతి బడిలోను గోనెపట్ట మీద కూర్చొన్న ప్రతిభ ఏదో ఒక మూల ఉండకపోదు. దానిని గుర్తించే కేళూస్కరు ఒకరు, దానికై నగ కుదువబెట్టే రామ్‌జీ ఒకరు ఉంటే చాలును. మిగిలిన శ్రమ ఆ విద్యార్థియే పడగలడు.